మిట్టెక్కే బండి

బోడిమిట్ట,
12-6-2001

తిరుచానూరులో ఉండే తమ్ముడు ఏకాంబరానికి,

నీ అక్క గంగులమ్మ చెప్తా ఉంటే నీ కూతురు నవీన రాస్తా ఉండాది. ఈడ అందరం తింటా ఉండాము, తిరగతా ఉండాము. తిట్టే చోట తిట్టినట్టే రాయమని దానికి చెప్పినాను. నాకు కోడలు, నీకు కూతురు. ఎవరి పక్క మొగ్గుతుందో చూసుకునేదానికి నాకు అక్షరం రాదు కాబట్టి, రాసినాక మళ్ళీ చదివించుకుంటాను.

బ్రోకరు చిన్నబ్బ నిన్న మిట్టకు వచ్చి, "మీ తమ్ముడు చప్పిడి బండికి మాటిచ్చేసినాడు పెద్దమ్మా" అన్నాడు. ఎవరినడిగి ఇచ్చినావు? తోలేది నా కొడుకు జయరాము. పోయేది నా చేని చామంతులు. ఎక్కాల్సింది మా మిట్ట. నువ్వు ముప్పై ఏండ్లు గవర్మెంటు బస్సు తోలినావు, కాదనను. బస్సు రోడ్డు ఉన్న కాడికే పోతుంది. రోడ్డు అయిపోయిన చోట నిలిపేసి దిగండి అంటావు. మేము ఆ దిగిన చోటి నుంచి బతికేవాళ్ళం.

చిన్నబ్బ దగ్గర రెండు పికప్పులు ఉండాయంట. రెండూ వాడినవే. ఒకటి ముందు మూతి లేకుండా గోడ మాదిరిగా ఉండేది, అదే నీ చప్పిడి బండి. ఇంకొకటి జీపు ముక్కు ఉండేది. ముక్కు బండిలో గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుందంట. అది వేస్తే నాలుగు చక్రాలూ పట్టి లాగుతాయంట. దాని కడుపు కూడా ఎత్తంట. నాకు ఆ బండి కావల్ల.

ఎందుకో నీకు తెలియదా? మీ బావకు గుండె నొప్పి వచ్చిన పొద్దు మంచం మీద దించినాము. ముందు కోడు పట్టినోడు శాంతయ్య, కూలికి వచ్చేవాడు, ఎవురూ పిలవకుండానే వచ్చినాడు. నక్కలవంకలో నీళ్ళు నడుముకు ఉన్నాయి. అవతలి గట్టున బాడుగ జీపు ఇంజను ఆపకుండా నిలబడి ఉండింది. ఆ చప్పుడు వింటానే మీ బావ నా చెయ్యి వదిలేసినాడు. వంక దాటి మా వాకిట్లోకి వచ్చే బండి అయితే కొను. గట్టున నిలబడే బండి నాకొద్దు.

చిన్నబ్బ నీకు ఏమన్నా ముట్టజెప్తా ఉన్నాడేమో, అదీ తెలియజేయవలసింది.

నీ అక్క,
గంగులమ్మ

నాయనా, ఆఖరి మాట రాయనంటే నా చేతిలో పెన్ను లాక్కుంది. - నవీన


తిరుచానూరు,
20-6-2001

అక్కకు,

ఏకాంబరం నమస్కారాలు. నీ ఉత్తరం చేరింది. చిన్నబ్బ నాకు టీ తప్ప ఏమీ ఇప్పించలేదు. ఆ టీ కూడా చల్లారిపోయింది. తోడబుట్టినదానివి కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాను.

బండి అనేది రోజూ పోయే దారిని చూసి కొనాలి. జయరాము తెల్లవారకముందే పూలెత్తుకుని తిరుచానూరు రావాలి. ఆ దారిలో మీ మిట్ట ఎంత? చారెడు. మిగతాదంతా తారు రోడ్డు. తారు మీద చప్పిడి బండి వెన్నలాగా పోతుంది. తొట్టి పొడుగు, గంపలు ఎక్కువ పడతాయి. సందుల్లో చటుక్కున తిరుగుతుంది. డీజిలు తక్కువ తాగుతుంది. ముక్కు బండి రాళ్ళ మీద మొనగాడే, నేను ఒప్పుకుంటాను. కానీ దాని కమాను పట్టీలు గట్టివి. ఖాళీగా పోతే మనిషి పళ్ళు రాలతాయి, ఇక చామంతి రెక్కలు నిలుస్తాయా? స్టీరింగు తిప్పడానికి రెండు భుజాలు కావాలి. నాలుగు చక్రాల సామాను చెడిపోతే బాగుచేసేవాడు తిరుపతిలో వేళ్ళ మీద లెక్క.

బావ సంగతి రాశావు. నాకు మాత్రం బాధ లేదా? కానీ ఎప్పుడో ఒకసారి వచ్చే చావు కోసం రోజూ బతికే బండిని పాడు చేసుకుంటామా? చప్పిడి బండిని వంక ఇవతల పెట్టుకోండి. గంపలు కూలివాళ్ళు దించుతారు. శాంతయ్య లేడా?

ఇట్లు తమ్ముడు,
ఏకాంబరం


బోడిమిట్ట,
18-7-2001

ఏకాంబరానికి,

నీ జాబు నవీన చదివింది. "శాంతయ్య లేడా" అన్న చోట వాడు మా అరుగు కిందనే కూర్చుని గంపకు అంచు అల్లుతా ఉన్నాడు. తలకాయ ఎత్తలేదు.

నిన్ను నమ్మక, నన్నూ నమ్మక, రెండు బండ్లూ మిట్ట కిందికి తెప్పించినాను. చిన్నబ్బ ఏడ్చుకుంటా తెచ్చినాడు. ఊరంతా గట్టున చేరింది.

ముందు నీ చప్పిడిది. తొట్టిలో నేనే కూర్చున్నాను, ఒళ్ళో నీళ్ళ బిందె పెట్టుకుని. "నువ్వెందుకమ్మా" అన్నాడు జయరాము. "పూలు మాట్లాడవు గదరా, నేనైతే సెప్తా" అన్నాను. చదును మీద నీవు చెప్పినట్టే వెన్న. బిందెలో చుక్క తొణకలేదు. వంకలో దిగినాక ఇసుకలో వెనక చక్రాలు గింగిరాలు తిరిగినాయి. అందరూ నెట్టినాక గట్టెక్కింది. ఏటవాలు మొదట్లోనే కడుపు రాయికి తగులుకుని, తాబేలును తిరగేసినట్టు నిలబడిపోయింది. శాంతయ్య గడ్డపారతో రాయి పెకలిస్తే గానీ వెనక్కి రాలేదు.

తర్వాత ముక్కు బండి. చిన్న రాడ్డు వేసి, ఎద్దు దమ్ము పట్టినట్టు ఒకే మాదిరిగా ఎక్కింది. మా వాకిట్లో, తులసి కోట పక్కన ఆగింది. ఆ వాకిట్లో ఇంజను చప్పుడు వినడం అదే మొదలు. నిజం చెప్పల్ల గాబట్టి చెప్తా ఉండాను, బిందెలో సగం నీళ్ళు నా చీర మీదనే ఉన్నాయి. నడుం ఇంకా పట్టేసి ఉండాది. ఈ మాట నవీన రాయొద్దంది, నేను రాయమన్నాను.

పూలు నలిగితే మళ్ళీ పూస్తాయి ఏకాంబరం. గంపల కింద వరి గడ్డి పరుస్తాము, గోతాలు తడిపి వేస్తాము. ఏటవాలులో మూడు నాలుగు మొండి రాళ్ళుండాయి. అవి తీసేస్తే కుదుపు తగ్గుతుందని శాంతయ్య చెప్పి, మరుసటి పొద్దే సమ్మెట ఎత్తుకుని పోయినాడు. కూలి అడగలేదు. "మన దారే గదమ్మా" అన్నాడు.

ఇంక నీ ఇష్టం. అంటే నా ఇష్టం.

గంగులమ్మ


తిరుచానూరు,
9-8-2001

అక్కకు,

నమస్కారాలు. ముక్కు బండే తీసుకోమని చిన్నబ్బకు చెప్పాను. నీతో వాదించడం కంటే ఘాట్ రోడ్డులో బ్రేకు లేని బస్సు తోలడం నయం.

ఒక మంచి మాట. అమ్మవారి గుడి వీధిలో పూలంగడి పెట్టుకున్న మునికృష్ణతో మాట్లాడాను. మీ పూలన్నీ ఆయనే తీసుకుంటానన్నాడు, కార్తీక బ్రహ్మోత్సవాల సరుకుతో సహా. అయితే ఆయనది నిష్ఠ గల అంగడి. ఆయన పెట్టిన నియమాలు జయరాముకు చదివి వినిపించు నవీనా. బండి రోజూ కడగాలి. తోళ్ళు, మాంసం, ఎండుచేపలు ఎక్కించకూడదు. శవం ఎక్కిన బండి అంగడి ముందుకు రాకూడదు. ఆయనకు నేను మాటిచ్చాను.

నా మాటగా ఇంకొకటి చెప్తున్నాను. పూలు ఎక్కిన బండిలో రోగిని ఎక్కించవద్దు. దారిలో ప్రాణం పోతే పూలూ పోతాయి, బండీ పోతుంది. ఒకసారి మదనపల్లె బస్సులో మూలిగేవాణ్ణి ఎవరో ఎక్కించారు. భాకరాపేట ఘాట్ దిగేలోపల పోయాడు. బస్సును పోలీసు స్టేషను ముందు నిలబెట్టారు. ప్రయాణికులంతా నన్నే తిట్టారు. ఆ తర్వాత మూలిగేవాణ్ణి చూస్తే నేను డోరు తియ్యలేదు. సర్వీసులో ఒక్క రిమార్కు లేకుండా దిగాను. జయరాము కొత్త డ్రైవరు, మనసు మెత్తన. ముందే చెప్తే మంచిది.

ఏకాంబరం


బోడిమిట్ట,
30-10-2001

తమ్ముడికి,

బండి వచ్చి రెండు నెలలు దాటినా నీ మొహం కనపడలేదు. ఓడిపోయినానని అలిగినావని నవీనతో అంటే, మోకాళ్ళ నొప్పి అంటుంది. అలకకు మోకాలు అడ్డం పెట్టుకునేవాణ్ణి నిన్నే చూస్తా ఉండాను.

నీ నియమాలు నవీన గట్టిగా చదివింది. జయరాము మళ్ళీ ఒకసారి చదివించుకున్నాడు. నువ్వంటే వానికి బస్సు డిపో మొత్తం అంత. నేను వింటానే ఉన్నాను, ముందుకు చదవమన్నాను. ముక్కు బండి గెలిచినాక ఇంక నీతో ఏం కొట్లాట అనుకున్నాను.

నువ్వు చెప్పినదాంట్లో నిజం ఉన్న కాడ ఒప్పుకుంటాను. డీజిలు ఏనుగు నీళ్ళు తాగినట్టు తాగతా ఉండాది. మీ వీధిలో తిప్పేటప్పటికి జయరాము భుజాలు పట్టేస్తా ఉండాయంట, నవీన నువ్వుల నూనె పూస్తా ఉండాది. అయితే మొన్న వాన కొట్టి వంక పారినా ఒక్క పొద్దు కూడా పూలు ఆగలేదు. పక్క పల్లెల వాళ్ళవి గట్టునే కుళ్ళినాయి.

దారి ఇప్పుడు నువ్వు చూడల్ల. మొండి రాళ్ళు పగలగొట్టి, పల్లం ఉన్న చోట ఆ ముక్కలే పేర్చి, మలుపులో నీళ్ళు పక్కకు పోయేట్టు కాలవ తీసినాడు శాంతయ్య. వాని పెండ్లాము ఆనందమ్మ తట్టతో మన్ను మోసింది. సాయంత్రం పూట బండి కడిగేది కూడా వాడే. "ఒక తూరి ముందు సీట్లో కూసోని సూడు శాంతయ్యా" అన్నాను. నవ్వినాడు. "ఎక్కుతాలే అమ్మా, అవసరం వచ్చిన పొద్దు. ఆ పొద్దు నడిపించకుండా ఉంటే సాలు" అన్నాడు.

బ్రహ్మోత్సవాలకు చేనంతా పసుపు పూసినట్టు ఉండాది. పంచమి తీర్థానికి ముందు పొద్దు పెద్ద లోడు వస్తుందని మునికృష్ణకు చెప్పు.

అక్క గంగులమ్మ


తిరుచానూరు,
27-11-2001

గంగులమ్మక్కకు,

ఇంత పని చేస్తావనుకోలేదు. పంచమికి ముందురోజు జయరాము పూలు దించి, లెక్క కూడా చూసుకోకుండా పోయాడట. తర్వాత వారం రోజులుగా బండి లేదు, కబురు లేదు. నిన్న మునికృష్ణ నన్ను అంగడికి పిలిపించి నలుగురిలో నిలబెట్టాడు. "మీ అక్కగారి బండిలో పీనుగను మోశారంట, చంద్రగిరిలో అందరూ చెప్పుకుంటున్నారు. నేను అమ్మవారి ముందర ఏం మొహం పెట్టుకునేది?" అన్నాడు. శాంతయ్య పోయాడని అక్కడే తెలిసింది. పాపం, మంచివాడు. కానీ వాళ్ళ పేటలో మోసేవాళ్ళు లేరా? చర్చి వాళ్ళు లేరా? నువ్వే దగ్గరుండి ఎత్తించావట. కావాలనే కదా నువ్వు ఈ పని చేసింది? నా మాట ఎక్కడ నెగ్గుతుందోనని?

సరే, అయిందేదో అయింది. ఇక ఆ బండికి పూలు ఎక్కవు. అమ్మేద్దాం. చప్పిడి బండి చిన్నబ్బ దగ్గర ఇంకా ఉంది.

నవీన ఒక్క ముక్క కూడా రాయలేదు. దానికి ఒంట్లో బాగుందా?

ఏకాంబరం


బోడిమిట్ట,
3-12-2001

ఏకాంబరానికి,

నవీన బాగానే ఉండాది. నీకు రాయబుద్ధి కాక రాయలేదు. ఇప్పుడు నేను చెప్తా ఉండాను కాబట్టి రాస్తా ఉండాది. మధ్యలో ఆపి ఏడుస్తా ఉండాది, అందుకే అక్షరాలు చెదిరి ఉంటే కళ్ళద్దాలు తుడుచుకుని చదువు.

నీకు చెప్పినోళ్ళు వెనక నుంచి చెప్పినారు. నేను ముందు నుంచి చెప్తాను.

పంచమి లోడు కోసం చీకట్లోనే కోత మొదలైంది. నేను పైచేనులో ఉన్నాను. కిందిచేనులో శాంతయ్య, ఆనందమ్మ. సాళ్ళ మధ్య కట్లపాము ఉండింది. నా పూలు కోస్తా ఉన్న చేతికే కరిచింది. వాడు మొదట ముల్లనుకున్నాడంట. గంప నింపి, తెచ్చి బండిలో పెట్టినాక చెప్పినాడు. చేతికి గుడ్డ గట్టిగా కట్టుకుని, బండి దగ్గర నిలబడినాడు. మాట బాగానే ఉండింది. నడవగలిగి ఉన్నాడు.

ఆనందమ్మ, "సిన్నయ్యా, ఆయప్పను ఆసుపత్రిలో దించు" అనింది.

జయరాము బండి చూసినాడు, గంపలు చూసినాడు. నీ జాబు వాని చెవుల్లో ఉండాది. "పూలు ఎక్కినాయి కదా ఆనందమ్మా. రోగిని ఎక్కించొద్దని మామ చెప్పినాడు. ఇప్పుడే దించేసి వచ్చేస్తా. అంతలో మంచం మీద వంక కాడికి తెండి" అన్నాడు. ముందు సీటు ఖాళీగానే ఉండింది. నవీన కూడా ఆడే ఉండింది. గంపల మీద తడి గోతాలు సర్దతా ఉండింది.

శాంతయ్య ఏమన్నాడో తెలుసునా? "పోనీ సిన్నయ్యా, పంచమి పూలు. ఆలస్యం సేయొద్దు" అన్నాడు. బండికి దారి వదిలి పక్కకు జరిగినాడు.

నాకు కబురు వచ్చి నేను దిగేటప్పటికి మంచం వంక కాడ ఉండింది. ఈ తూరి నీళ్ళు చీలమండకే ఉన్నాయి. ఏం లాభం? ముందు కన్రెప్పలు వాలినాయి, తర్వాత నాలుక మడత పడింది, తర్వాత ఊపిరి. కట్లపాము విషం నొప్పి తెలియకుండా తీసుకుపోతుందంట. చూసేవాళ్ళకు తెలిసింది. అవతలి గట్టు మీద ముక్కు బండి చప్పుడు వినపడేటప్పటికి వాడు లేడు. ఆ చప్పుడు నేను ముందొక తూరి విన్నదే. ఆ పొద్దు బాడుగ జీపు. ఈ పొద్దు నా బండి.

జయరాము దిగి వచ్చి చూసినాడు. తొట్టిలో రెక్కలు నాలుగు అంటుకుని ఉన్నాయి. నేను, "ఎత్తండి" అన్నాను.

"అమ్మా, పీనుగ ఎక్కితే..." అన్నాడు.

"ఎత్తండి" అన్నాను.

నీ మీద పంతానికి కాదురా. వంక కాడి నుంచి వాని ఇంటి దాకా మళ్ళీ మంచం మోసే మొహం మాకు లేదు. తొట్టిలో తల కాడ నేను కూర్చున్నాను. వాడు పరిచిన రాళ్ళ మీద వాణ్ణి తెచ్చినాము. ఒక్క చోట కూడా బండి తడబడలేదు. కుదుపు లేదు. ఒళ్ళో బిందె ఉన్నా తొణికి ఉండదు.

మరుసటి పొద్దు చర్చి వెనక సమాధి చేసినాము. ఆనందమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండు. ఒక్కటే అడిగింది. "నవీనమ్మను పాము కరిసుంటే పూలు దించేదాకా ఆగుతా ఉన్నారా పెద్దమ్మా?"

ఆ ప్రశ్న నీకు పంపిస్తా ఉండాను. రాసింది నువ్వు, చదివింది నీ కూతురు, పాటించింది నా కొడుకు, విని ఊరుకున్నది నేను. జవాబు నువ్వు చెప్పు. ఆమెకు చదివి వినిపిస్తాము.

గంగులమ్మ


తిరుచానూరు,
2-1-2002

అక్కకు,

నీ ఉత్తరం చదివి చాలా రోజులు పక్కన పెట్టాను. అతను నడుస్తున్నాడని, మాట్లాడుతున్నాడని నాకు తెలియదు. నేను చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ గురించి రాశాను. పాము కరిచినవాడు నిలబడి ఉంటే ఎక్కించుకోవాలని నేను వేరే రాయాలా? జయరాముకు ఆ మాత్రం తెలియదా?

అయినా ఇంటి మనిషిలాంటి పనివాడు పోయాడు, ఆ బాధ్యత మనది. ఆనందమ్మకు ఏదన్నా చేద్దాం. మునికృష్ణతో మళ్ళీ మాట్లాడాను. పుణ్యాహవాచనం చేయించి, బండిని పసుపు నీళ్ళతో కడిగి, గుమ్మడికాయ కొడితే ఉగాది తర్వాత పూలు తీసుకుంటానంటున్నాడు. పెద్దమనిషి. బండి అమ్మవద్దులే. జయరామును తీసుకొని రమ్మను. లేకపోతే నేనే వస్తాను. బస్టాండు నుంచి నడవలేను. బండి పంపించు.

ఆనందమ్మ అడిగినదానికి నాకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఏకాంబరం


బోడిమిట్ట,
11-1-2002

తమ్ముడు ఏకాంబరానికి,

నీ జాబులో ఆఖరి మాట ఒక్కటే ఆనందమ్మకు చదివించినాను. మిగతాది చదివించే ధైర్యం నాకు లేదు. విని, "తెలియదంటనా" అనింది. అంతే.

బండిని కడగను. కడగాల్సింది అది కాదు. మునికృష్ణకు చెప్పు, ఆయన్ను నేను తప్పు పట్టలేదని. ఆయన శవం వద్దన్నాడు. బతికినోణ్ణి వద్దన్నది మనం.

చామంతి మొక్కలు పీకించేసినాను. వేరుశెనగ వేస్తాము. వేరుశెనగకు నిష్ఠ లేదు, ఏ బండిలోనైనా పోతుంది. జయరాము ఇప్పుడు ఎవురు చెయ్యెత్తినా బండి ఆపతా ఉండాడు. ముసలోళ్ళను, బాలింతలను, కాలు బెణికినోళ్ళను, అడిగినా అడగకపోయినా ఎక్కించుకుంటా ఉండాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని, "ముందు సీటు ఖాళీగా ఉండిందమ్మా" అంటాడు. రోజూ అదే మాట.

ఏ బండి మంచిదనే కదా మన కొట్లాట మొదలైంది. ఇన్ని జాబులు కొట్లాడినాము. నేను చెప్పిన బండే మంచిది. మిట్టెక్కుతుంది, వంక దాటుతుంది, వాకిట్లోకి వస్తుంది. నేను గెలిచినాను. గెలిచినాక ఇదీ సంగతి.

ఆనందమ్మ చంద్రగిరిలో ఇటుకల పనికి పోతా ఉండాది. పొద్దున ఆమె దిగే వేళకే జయరాము దిగతాడు. మొదట్లో బండి ఆపి, తలుపు తీసి పట్టుకునేవాడు. ఇప్పటికీ ఆపతాడు. బండి చప్పుడు వినపడతానే ఆమె దారి వదిలి పక్కన రాళ్ళ మీదికి జరుగుతుంది. మొగుడు జరిగినట్టే. ఆయన పగలగొట్టిన రాళ్ళే అవి. బండి పోయినాక మళ్ళీ దారిలోకి వచ్చి నడుస్తుంది.

నువ్వు వస్తానంటివి. రా. బండి పంపను. మోకాళ్ళ నొప్పి అయితే కట్టె తెచ్చుకో. వంక కాడ చెప్పులు విడిచి దాటు. మలుపులో కాలవ ఉండాది, దాని పక్కన కూర్చుని ఊపిరి తీసుకో. ఆయన చేత్తో పేర్చిన రాళ్ళు, ఒక్కొక్కటే చూసుకుంటా పైకి ఎక్కు. మిట్ట ఎక్కినాక మొదటి ఇల్లు ఆనందమ్మది.

ఆడ ఆగు. నా ఇంటికి తర్వాత రావచ్చు.

నీ అక్క,
గంగులమ్మ